బాయిలర్ చూడటానికి అమ్మ రోమ్ దాకా వెళ్ళింది

మొన్న ఆదివారం నాన్న ఫోన్ నిండిపోయి ఏదీ ఓపెన్ కావట్లేదంటే, ఖాళీ చేస్తూ కూర్చున్నాను. గుడ్ మార్నింగ్ పూలు, వైద్య చిట్కాలు, ఒకే పెళ్ళి ఫోటోలు నలుగురు పంపినవి. వరసగా డిలీట్ కొడుతుంటే, పక్కనే కూర్చుని చూస్తున్న నాన్న ఒక వీడియో దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు.

"అది ఉండనియ్యమ్మా."

పాల్వంచలో పాత కేటీపీఎస్, అంటే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, కూలింగ్ టవర్లు కూల్చినప్పటి వీడియో అది. 2024 ఆగస్టు, ఒక సోమవారం. ఎనిమిది టవర్లు, ఒక్కోటి 100 మీటర్లకు పైనే ఎత్తు. పాత యూనిట్లు అంతకు కొన్నేళ్ళ ముందే ఆగిపోయాయి, ఆ టవర్లతో ఇక పని లేదు. వీడియోలో ముందు అడుగున దుమ్ము లేస్తుంది. ఆ తర్వాత టవరు నడుం విరిగినట్టు ఒక పక్కకి ఒరిగి, ఉన్నచోటనే కూలబడిపోతుంది. తీస్తున్నవాళ్ళ అరుపులు, ఈలలు. ఆ రోజు మా స్కూలు గ్రూపులో అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు.

ఇంకాస్త పైకి జరిపితే ఒక ఫోటో కనపడింది. ముదురాకుపచ్చ నేత చీరలో అమ్మ. వెనకాల మూడంతస్తుల ఎత్తున నల్లటి ఇనుప బాయిలర్. పక్కన చేతులు రెండూ విరిగిపోయిన పాలరాతి దేవత. అమ్మ ఫోటోలో నవ్వదు. అందులో మాత్రం నవ్వుతోంది.

ఆ ఫోటో రోమ్‌లో తీసింది.

*

పాల్వంచలో పెరిగినవాళ్ళకి ఆ టవర్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బస్సులో ఎక్కడి నుంచి వస్తున్నా ముందు అవే కనపడేవి. వాటి నోట్లోంచి తెల్లగా ఆవిరి లేచి, పైకి పోయి మబ్బుల్లో కలిసిపోయేది. మబ్బులు మా ఊళ్ళోనే తయారవుతాయని నేను నాలుగో తరగతి దాకా నమ్మాను. కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక పిల్ల కాదంటే దానితో రెండ్రోజులు మాట్లాడలేదు. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు మా ఊరికి వస్తాయి, ఇక్కణ్ణుంచి కరెంటూ మబ్బులూ బయటికి పోతాయి. లెక్క సరిగ్గానే ఉందనిపించేది.

నాన్న ఆ ప్లాంటులో ఆపరేషన్ సెక్షన్‌లో ఉండేవారు. షిఫ్టు డ్యూటీలు. ఖాకీ చొక్కా జేబులో కాటన్ వేస్టు ముక్క, చేతిలో మూడు గిన్నెల క్యారియర్. ఇంట్లోకి రాగానే ఒక వాసన వచ్చేది. టర్బైన్ ఆయిల్, చెమట, వేడి ఇనుము కలిసిన వాసన. అమ్మ ఆ చొక్కాల్ని విడిగా నానబెట్టేది. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే ఇల్లంతా గుసగుసలే. ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టేది కాదు అమ్మ, విజిల్‌కి లేస్తారని. విజిల్‌కి నాన్న ఎక్కడ లేస్తారు! రోజంతా టర్బైన్ల హోరులో ఉండే మనిషి. ఆ ఫ్లోర్ మీద పనిచేసేవాళ్ళకి గట్టిగా మాట్లాడటం అలవాటు. మా క్వార్టర్స్‌లో మగవాళ్ళందరూ ఇంట్లో మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టే ఉండేది.

రాత్రిపూట ప్లాంటు నుంచి ఒక హోరు, సన్నగా, ఆగకుండా వస్తుండేది. అది ఉన్నంతసేపూ ఊరు నిద్రపోయేది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆవిరి చిమ్మిన చప్పుడు, ఆకాశం చిరిగినట్టు. అమ్మ లేచి మంచం మీద కూర్చునేది. "ట్రిప్పయినట్టుంది. మీ నాయన ఇప్పుడే రాడు" అనేది. మళ్ళీ హోరు మొదలయ్యేదాకా పడుకునేది కాదు. ఒకసారి స్కూలు నుంచి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించారు. అమ్మ మాత్రం ఎప్పుడూ గేటు దాటలేదు. ముప్పై మూడేళ్ళు ఆ ప్లాంటుతో కాపురం చేసింది, చెవులతో.

*

నేను రోమ్ వెళ్ళింది కంప్యూటర్ ఉద్యోగం మీద. ఏడాదన్నారు, నాలుగేళ్ళయింది. సాన్ పావ్లో చర్చి దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో గది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. మొదటి నెలంతా మేము వంటింట్లో ఒకరి కూరల్లోకి ఒకరం తొంగి చూసుకుని తల ఊపుకోవడంతో సరిపోయింది.

ఆ ప్రాంతంలో నాకు మొదట నచ్చింది ఏ చర్చీ కాదు. గ్యాసోమెత్రో అని ఒక పాత గ్యాస్ ట్యాంకు ఉంది. ట్యాంకు లేదు, చుట్టూ ఉండే ఇనుప చట్రం మాత్రం గుండ్రంగా, ఆకాశంలోకి లేచి నిలబడి ఉంటుంది. దూరం నుంచి చూస్తే కూలింగ్ టవర్ అస్థిపంజరంలా ఉండేది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వీధి చివర నుంచి అది కనపడితే ఇంటికొచ్చినట్టుండేది. రోమ్ వెళ్ళి కొలోసియం చూసి కాకుండా గ్యాస్ ట్యాంకు చూసి మనసు కరిగిందంటే ఆఫీసులో నవ్వారు.

ఆదివారాలు బోలెడు ఖాళీ. కొన్నాళ్ళకి ఒక విషయం తెలిసింది. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఫ్రీ. 2014లో మొదలుపెట్టారు ఆ పద్ధతి. ఫ్రీ అంటే ఆగుతామా! పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసా బ్యాగులో వేసుకుని బయల్దేరేదాన్ని. నిజానికి నీళ్ళ సీసా కూడా అక్కర్లేదు. వీధి వీధికీ పోత ఇనుముతో చేసిన పంపులుంటాయి, వంకర ముక్కులా కొస ఉంటుంది కాబట్టి వాటిని నసోని, అంటే పెద్ద ముక్కులు, అంటారు. 1874 నుంచి ఉన్నాయి. కొసని వేలితో మూస్తే పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్ళు చివ్వున ఎగుస్తాయి, నోరు పెట్టి తాగొచ్చు. ఇది నాకు నేర్పింది మా ఇంటావిడ.

మొదట్లో నాకు మ్యూజియం చూడటం చేతకాలేదు. ప్రతి బోర్డూ చదివేదాన్ని, రెండో గదికే కాళ్ళు లాగేవి. కాపిటోలిన్ మ్యూజియంలో అలాగే అయింది. ప్రపంచంలోకెల్లా పాత పబ్లిక్ మ్యూజియాల్లో అదొకటి. 1471లో ఒక పోపు కొన్ని కంచు విగ్రహాల్ని రోమ్ ప్రజలకి ఇచ్చేశాడు, 1734లో జనాన్ని లోపలికి రానిచ్చారు. వాకిట్లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విగ్రహం ముక్కలు గోడకి ఆనించి ఉంటాయి. తల ఒకచోట, చెయ్యి ఒకచోట, మనిషంత పాదం ఒకచోట. నేను ఆ పాదం పక్కన కూర్చుని చెప్పులు విప్పి వేళ్ళు నొక్కుకున్నాను.

అక్కడ అందరూ చూసేది తోడేలు విగ్రహం. ఇద్దరు పిల్లలు పాలు తాగుతుంటారే, అది. ఆ పిల్లల్ని పదిహేనో శతాబ్దంలో తర్వాత చేర్చారు. తోడేలు కూడా అనుకున్నంత పాతది కాదనీ, మధ్యయుగాలదనీ ఈ మధ్య పరీక్షలు చేసినవాళ్ళు అంటున్నారు. నాకు మాత్రం దాని దగ్గర్లోనే ఉండే కంచు పిల్లాడు నచ్చాడు. బండ మీద కూర్చుని, ఎడమ కాలు కుడి మోకాలి మీద వేసుకుని, అరికాల్లో గుచ్చుకున్న ముల్లు తీసుకుంటుంటాడు. ఒళ్ళంతా ఆ ముల్లు మీదే. ఆ వయసులో మేమూ కిన్నెరసాని వైపు తిరిగొచ్చి అరుగు మీద సరిగ్గా అలాగే కూర్చునేవాళ్ళం, అమ్మ మెడలో పిన్నీసు అడిగి తీసుకుని. ఆ పిల్లాడి దగ్గర నిలబడ్డాక బోర్డులు చదవడం మానేశాను. ఒక్క రోజుకి రెండు మూడు విగ్రహాలు, అంతే. మిగతావి మళ్ళీ ఆదివారం.

అప్పట్లో చిన్న మ్యూజియాల్లో గార్డులు గది మూల కుర్చీ వేసుకుని పజిల్స్ పుస్తకం నింపుకుంటూ ఉండేవాళ్ళు. పెన్సిలు గీతల చప్పుడు, చెక్క నేల కిర్రుమనడం తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

*

నాన్న రిటైరయ్యాక ఒక ఎండాకాలం ఇద్దర్నీ రప్పించాను. అమ్మ సూట్‌కేసులో సగం గోంగూర పచ్చడి, పొడులు. నాన్న సూట్‌కేసులో ఒక టార్చి లైటు, టెస్టర్. "ఎందుకు నాన్నా?" అంటే "ఉండనియ్, కరెంటు పోతే?" అన్నారు.

ముందు అందరిలాగే వాటికన్ తీసుకెళ్ళాను. నా మట్టుకు నాకు వాటికన్ మ్యూజియం అంటే పెద్ద ఇష్టం లేదు. లోపలున్నవి గొప్పవే, కానీ చూసేది ఎక్కువసేపు ముందువాళ్ళ వీపు. సిస్టీన్ చాపెల్‌లో తలెత్తి నిలబడితే రెండు నిమిషాలకోసారి గార్డులు మైకులో "సిలెంజియో!" అని అరుస్తారు. నాన్న తన మామూలు గొంతుతో "వీళ్ళే కదమ్మా అరిచేది?" అన్నారు. చాపెల్ సగం తిరిగి చూసింది.

బోర్గెసె గ్యాలరీ మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. ముందే బుక్ చేసుకోవాలి, రెండు గంటలే ఉండనిస్తారు. బెర్నీనీ తన ఇరవై మూడేళ్ళ వయసులో చెక్కిన ప్రొసెర్పీనా విగ్రహం అక్కడుంది. పాతాళ దేవుడి వేళ్ళు ఆ అమ్మాయి తొడలోకి దిగబడి, పాలరాయి నిజం ఒంటిలా నొక్కుకుపోయి ఉంటుంది. దాని ముందు నిలబెట్టి ఇది రాయి అంటే నమ్మగలరా అని అడిగాను. అమ్మ ఆ అమ్మాయి చెంప మీద కన్నీటి చుక్క చూసి, "ఎత్తుకుపోతున్నడా దాన్ని?" అంది. అవునన్నాను. "మరి ఇంత అందంగా ఎందుకు చేసిండు?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

అమ్మకి నిజంగా నచ్చింది టెర్మిని స్టేషన్ పక్కనుండే పలాజ్జో మాస్సిమో. పై అంతస్తులో ఒక గది ఉంది. అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఊరి బయట ఇంట్లో సగం నేలలోకి ఉండే చల్లటి గదిలో, నాలుగు గోడల నిండా తోట గీయించుకుంది. ఆ గోడల మీది బొమ్మల్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ అలాగే గదిలా అమర్చారు. రెండు వేల ఏళ్ళనాటి తోట. లోపలికి వెళ్ళగానే అమ్మ చెప్పులు విడవబోయింది, నేను ఆపాను.

నేను బోర్డు వైపు వెళ్ళేలోపే ఆవిడ గోడ చుట్టూ నడుస్తూ పేర్లు చెప్పేస్తోంది. "ఇది దానిమ్మ. ఇది గన్నేరు, చూడు ఆకు. గులాబీ. ఇవి చేమంతులే." కొమ్మల మీద పిట్టలు, కిందొక పంజరం. గోడ చివరికొచ్చి ఆగింది. "ఇదేందే, అన్నీ ఒక్కసారే పూసినయ్? చేమంతి చలికాలం కదా. దానిమ్మకి ఆ పక్క పువ్వు, ఈ పక్క పండిన కాయ."

ఆ గది గురించి చదువుకున్నవాళ్ళందరూ చెప్పే మాటే అది. అన్ని రుతువులూ ఒకేసారి ఉన్న తోట, నిజంలో ఎక్కడా ఉండనిది. నేను దాన్ని చదివి తెలుసుకున్నాను. క్వార్టర్స్ వెనక రెండు గజాల స్థలంలో మొక్కలు పెంచిన అమ్మ చూసి పట్టేసింది.

కింద అంతస్తులో కంచు ముష్టియోధుడు ఉంటాడు. 1885లో క్విరినాల్ కొండ వాలులో తవ్వుతుంటే దొరికాడు. పోటీ అయిపోయి కూర్చున్నాడు, చేతులకి ఇంకా తోలు పట్టీలున్నాయి, ముక్కు పగిలింది, చెవి ఉబ్బింది. గాయాల్లో రక్తం ఎర్రగా కనపడాలని కంచులో రాగి పొదిగారు. ఎవరో పిలిస్తే చూసినట్టు తల ఎత్తి పక్కకి తిప్పాడు. నాన్న చాలాసేపు అతని ముందే నిలబడ్డారు. "డబుల్ డ్యూటీ చేసినోడి లెక్క ఉన్నడు" అన్నారు. "రిలీవర్ రాలేదని ఇప్పుడే చెప్పినట్టున్నరు."

ఆ మ్యూజియం నేలమాళిగలో నాణేలున్నాయి. అద్దాల పెట్టెల్లో వేల నాణేలు, బటన్ నొక్కితే వాటి మీద భూతద్దం జరుగుతుంది. నాన్న ఆ బటన్లు వదల్లేదు. అగస్టస్, టైబీరియస్ బొమ్మలున్న వెండి నాణేల దగ్గర నేను చెప్పాను, ఇవి మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కుండెడు దొరికాయని. రోమ్‌వాళ్ళు మన మిరియాలకీ, బట్టలకీ, రాళ్ళకీ డబ్బు పోసేవాళ్ళు. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు, అంటే వాళ్ళ నాణేలు, ఇండియాకే పోతున్నాయని ప్లినీ అనే రోమ్ రచయిత అప్పట్లోనే ఏడ్చాడు. నాన్న భూతద్దం వెనక్కీ ముందుకీ జరుపుతూ, "అయితే మనం బాకీ ఏం లేము" అన్నారు.

*

చర్చిలు కూడా మ్యూజియాలే ఆ ఊళ్ళో, టికెట్టు లేనివి. సాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజి అనే చర్చిలో ఎడమ పక్క చివరి గదిలో కరవాజ్జో గీసిన మూడు పెద్ద బొమ్మలున్నాయి. ఏసు శిష్యుడు మత్తయి కథ. లోపలంతా చీకటి. పక్కన గోడకి ఒక పెట్టె ఉండేది. అందులో నాణెం వేస్తే లోపల టక్కుమని రిలే పడి, బొమ్మల మీద లైటు వెలిగేది. కాసేపటికి మళ్ళీ టక్కుమని ఆరిపోయేది. చీకట్లో నిలబడ్డ పాతికమంది ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, ఇప్పుడెవరు వేస్తారా అని.

నాన్నకి బొమ్మల కన్నా ఆ పెట్టె నచ్చింది. "ప్రీపెయిడ్ మీటరు!" అని పైకే అన్నారు. జేబులో చిల్లరంతా తీసి, ఒకటి ఆరిపోగానే ఇంకోటి వేస్తూ పోయారు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి తిరిగి నాన్నకి థాంక్స్ చెప్పారు. జపాన్ నుంచి వచ్చిన ఒకావిడ వంగి నమస్కారం పెట్టింది. వాటిలో ఒక బొమ్మలో కుడి పక్క పైనుంచి వెలుగు ఏటవాలుగా వచ్చి, బల్ల దగ్గర డబ్బు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళ మీద పడుతుంది. చివరి నాణెం అయిపోయి లైటు ఆరిపోయాక నాన్న చీకట్లోనే అన్నారు, "లైటు యాడ పెట్టాలో వీనికి తెలుసమ్మా." ముప్పై మూడేళ్ళు కరెంటు తయారుచేసిన మనిషి ఇచ్చిన మాట అది, నాకు తెలిసినంతలో కరవాజ్జో గురించి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

*

వాళ్ళు తిరిగి వచ్చేయడానికి ఇంకో నాలుగు రోజులుంది. కాళ్ళు నొప్పులని అమ్మ ఇంట్లోనే ఉంటానంది. నేనే బలవంతపెట్టాను. దగ్గరే అమ్మా, గార్బతెల్లా స్టేషన్ నుంచి కాస్త నడక, నాన్నకి చూపించాలి, అన్నాను. ఏమిటో ముందు చెప్పలేదు.

వియా ఒస్తియెన్సె రోడ్డు మీద చెంత్రాలె మోంతెమార్తినీ అని ఒక పాత థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. 1912లో మొదలైంది, రోమ్ నగరపాలిక సొంతంగా పెట్టుకున్న మొదటి కరెంటు స్టేషన్. ఆవిరి టర్బైన్లూ, డీజిల్ ఇంజన్లూ రెండూ నడిపారు. 1963లో ఆగిపోయింది. చాలా ఏళ్ళు అలాగే పడుంది. 1997లో కాపిటోలిన్ మ్యూజియంలో రిపేర్లు చేయాల్సి వచ్చి, విగ్రహాలు పెట్టుకోవడానికి చోటు లేక, 400 దాకా తెచ్చి ఈ ప్లాంటులో పెట్టారు, కొన్నాళ్ళకే అనుకుని. ఇంజన్లని కదిలించలేదు, వాటి మధ్యలోనే పెట్టారు. చూసినవాళ్ళకి ఎంత నచ్చిందంటే, అక్కడే ఉంచేశారు.

మెషీన్ హాలు తలుపు దాటగానే నాకు మొదట తగిలింది వాసన. నిజంగా ఉందో, నా ముక్కే గుర్తు తెచ్చుకుందో. ఖాకీ చొక్కా వాసన.

నాన్న గుమ్మంలోనే ఆగిపోయారు. హాలుకి రెండు పక్కలా రైలింజన్లంత ఫ్రాంకో తోజీ డీజిల్ ఇంజన్లు. 1930లనాటివి, ఒక్కోటి 7,500 హార్స్ పవర్. వాటి ముందు వరసగా తెల్లగా దేవుళ్ళు, దేవతలు, చక్రవర్తులు. అందరూ విగ్రహాల వైపు నడుస్తుంటే నాన్న వాటి మధ్యలోంచి, ఎవరి పెళ్ళిలోనో మన బంధువు కోసం జనంలోంచి వెళ్ళినట్టు, ఇంజన్ దగ్గరికి వెళ్ళిపోయారు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నారు. తర్వాత అడిగితే, "బయట ఉంటే ముట్టుకుంటయమ్మా" అన్నారు.

చుట్టూ ఒకసారి నడిచారు. వంగి కింద పైపులు చూశారు. మెట్ల పక్కన ప్యానెల్ బోర్డు ఉంది, ఇత్తడి రింగుల గేజీలు, స్విచ్చులు. ముందు నిలబడి పైనుంచి కిందికి రీడింగులన్నీ చూసుకున్నారు. అన్నీ సున్నా మీద ఉన్నాయి. అయినా చూశారు. షిఫ్టు ఎక్కగానే చేసే పని అది, లాగ్ షీట్ పట్టుకుని.

గార్డు ఒకాయన, నాన్న ఈడువాడే, పజిల్ పుస్తకం మూసి దగ్గరికొచ్చాడు. నాన్న గుండె మీద చెయ్యి పెట్టుకుని, ప్యానెల్ చూపించి, వేళ్ళతో మూడు మూడు చూపించారు. "ముప్పై మూడేళ్ళు" అని నేను నాకొచ్చిన ఇటాలియన్‌లో చెప్పాను. ఆయన కనుబొమ్మలు ఎగరేసి, నాన్న భుజం తట్టి, లోపలి వైపు చెయ్యి చూపించాడు. "కల్దాయా" అన్నాడు. బాయిలర్.

బాయిలర్ హాలులో మూడు ఉండేవట, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. పైకప్పు దాకా ఇటుకలూ, ఇనుమూ, పైపులూ, నిచ్చెనలూ. దాని ముందు ఎస్క్విలినో వీనస్, చేతుల్లేని పిల్ల, జుట్టు ముడి వేసుకోబోతున్నట్టు. 1870 తర్వాత రోమ్ కొత్త ఇటలీకి రాజధాని అయ్యాక ఎస్క్విలినో గుట్ట మీద రోడ్లూ, ఇళ్ళూ కట్టడానికి తవ్వితే ఇలాంటివి కుప్పలుగా బయటపడ్డాయి. ఈ పిల్ల 1874లో దొరికింది. అమ్మ కరివేపాకు కొనుక్కున్న పియాజ్జా విత్తోరియో బజారు ఆ గుట్ట మీదే ఉంది.

అమ్మ వీనస్ వైపు ఒకసారి చూసి, బాయిలర్ వైపు తిరిగింది. తల వెనక్కి వంచి పై దాకా చూసింది.

"ఇదేంది?"

"బాయిలర్" అన్నారు నాన్న.

"బాయిలర్ అంటే ఇదా?"

"ఇది చిన్నది. మాది దీని తలదన్నేది."

అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాన్న చెప్పడం మొదలుపెట్టారు. ఇందులో మంట, ఈ పైపుల్లో నీళ్ళు, పైన డ్రమ్ము, ఆవిరి అక్కణ్ణుంచి టర్బైన్‌కి పోతుంది. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చేశాయి. గొంతు పెరిగిపోయింది. హాలంతా మోగుతోంది. నేను గార్డు వైపు చూశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి వింటున్నాడు, తెలుగు.

"మరి రాత్రిళ్ళు ఆ సప్పుడు?" అంది అమ్మ. "ఆకాశం చిరిగినట్టు వచ్చేది?"

నాన్న పైకి చూపించారు. "అక్కడ సేఫ్టీ వాల్వు ఉంటది. యూనిట్ ట్రిప్పయితే ఆవిరికి పోను తోవ లేక, వాల్వు ఎగదన్నుకుని బయటికి కొడతది. అదే సప్పుడు."

"అంటే అది పేలినట్టు కాదా?"

"పేలకుండా వచ్చే సప్పుడు అది."

అమ్మ చాలాసేపు ఆ పై వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా. పండుకునేదాన్ని."

నాన్న మాట్లాడలేదు. అమ్మ నవ్వింది. ఆ ఫోటో అప్పుడు తీశాను.

బయటికొస్తుంటే మళ్ళీ మెషీన్ హాలులోంచే రావాలి. ఆ హాలు చివర అపోలో గుడి ముఖభాగం మీద ఉండే శిల్పాలున్నాయి, గ్రీకులు చెక్కినవి, రోమ్‌వాళ్ళు తెచ్చుకుని తమ గుడికి పెట్టుకున్నారు. అమ్మ అడిగింది, ఇన్ని దేవుళ్ళని మిషన్ల కాడ ఎందుకు పెట్టిన్రని. నేను రిపేర్ల కథ చెప్పబోతే నాన్న అడ్డొచ్చారు. "దసరాకి మేం టర్బైన్‌కి బొట్టు పెట్టి, దండ ఏసి, గుమ్మడికాయ కొట్టేటోళ్ళం. వీళ్ళు ఏకంగా దేవుళ్ళనే తెచ్చి నిలబెట్టిన్రు. ఆయుధపూజే."

ఒక విగ్రహం దగ్గర మాత్రం ముగ్గురం ఆగాం. తోగా, అంటే రోమ్‌వాళ్ళ పొడుగాటి పై బట్ట, కట్టుకున్న పెద్దమనిషి, రెండు చేతుల్లో రెండు తలలు పట్టుకుని నిలబడ్డాడు. పూర్వీకుల తలలు. తండ్రివీ తాతవీ కావచ్చంటారు. గొప్ప ఇంటివాళ్ళు అలా చూపించుకునేవాళ్ళు. అసలు సంగతేమిటంటే, పట్టుకున్న పెద్దమనిషి తల అతనిది కాదు. పాతదే, కానీ వేరే విగ్రహానిది, తర్వాత ఎప్పుడో అతికించారు. అది చెబితే అమ్మ, "పెద్దల్ని పట్టుకోని సొంత తల పోగొట్టుకున్నడు" అని కిసుక్కున నవ్వింది.

*

నేను ఇండియా వచ్చేసి చాలా ఏళ్ళయింది. మా ఇంటావిడ ఇప్పుడు లేదని ఆవిడ మనవరాలు మెసేజ్ పెట్టింది. నాన్నా అమ్మా హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు, ఆరో అంతస్తులో. రాత్రిళ్ళు ఏ హోరూ లేదు. కింద జనరేటర్ మొదలైతే మాత్రం నాన్న టీవీ మ్యూట్ చేసి ఒక్క క్షణం వింటారు.

టవర్లు కూల్చినరోజు ఆ వీడియో మొదటిసారి చూపించింది నేనే. ఏమంటారో అని భయపడ్డాను. ఒకసారి చూశారు. రెండోసారి పెట్టమన్నారు. "చుట్టుపక్కల వాళ్ళని పంపించేసే ఉంటరు" అన్నారు. తర్వాత, "నీడ ఉండేది వాటి కింద. సైకిళ్ళు పెట్టేటోళ్ళం" అన్నారు. ఇంకేమీ అనలేదు. కాపిటోలిన్‌లో ఒక కథ చదివాను. మార్కస్ ఆరేలియస్ గుర్రం మీద ఉన్న కంచు విగ్రహం ఒక్కటి ఎందుకు మిగిలిందంటే, అతన్ని క్రైస్తవుడైన కాన్‌స్టంటైన్ అనుకున్నారు కాబట్టి. మిగతా చక్రవర్తుల కంచు చాలావరకు కరిగిపోయింది. స్క్రాపు ఏ కాలంలోనైనా స్క్రాపే. ఆ కథ ఆ రోజు నాన్నకి చెప్పాలనిపించింది కానీ, చెప్పలేదు.

మొన్న వీడియో పక్కన పెట్టి ఆ ఫోటో పెద్దది చేసి చూపిస్తుంటే, అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఆ బాయిలర్ ఉందా ఇంకా? వాళ్ళు కూడా పడగొట్టిన్రా?"

ఫోన్‌లో వెతికి చూశాను. ఉంది. మంగళవారం నుంచి ఆదివారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంటుంది.

"ఉందమ్మా. సోమవారం మాత్రం సెలవు."

"సెలవు కాదు" అన్నారు నాన్న, ఫోన్ మీంచి కళ్ళు తీయకుండా. "షట్‌డౌన్."